బడి ఎగ్గొట్టేవాడు బద్ధకస్తుడేనా?

ప్రశ్న: నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. పిల్లల కథల పోటీకి పంపుదామని ‘బద్ధకం వీడిన బాలుడు’ అనే కథ రాశాను. ఆరో తరగతి చదివే సోముకి బడికి వెళ్ళాలంటే బద్ధకం. పొద్దున్నే చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరం వచ్చిందంటాడు. అది పారకపోతే సంచి గడ్డివాములో దాచి, చెరువు గట్టు మీద తిరిగి, బడి వదిలే వేళకి ఏమీ ఎరగనట్టు ఇంటికొస్తాడు. ఒకరోజు గట్టు మీద చీమల బారు చూస్తాడు. ఆ వెంటనే చంకకర్రలతో బడికి వెళ్తున్న ఒక పిల్లవాణ్ణి చూస్తాడు. సిగ్గుపడి, పట్టుదలగా చదివి క్లాసు ఫస్టు వస్తాడు. మా పిల్లలకి చదివి వినిపిస్తే ఉల్లిపాయ దగ్గర పడీ పడీ నవ్వారు. చీమలు వచ్చేసరికి పక్కచూపులు చూశారు. చివర్లో ఒక పాప “వాడసలు బడికెందుకు వెళ్ళలేదు టీచర్?” అంది. “బద్ధకం అమ్మా” అన్నాను. “అది కాదు, ఎందుకు?” అంది మళ్ళీ. నాకు సమాధానం తోచలేదు. లోపం ఎక్కడుంది? పిల్లల కథలో నీతి ఉండకూడదా? ఇంకో సంగతి, మా క్లాసులోనే వారానికి మూడు రోజులే వచ్చే కుర్రాడున్నాడు. వాణ్ణి చూసే ఈ కథ రాశాను.

సమాధానం:

టీచర్ గారూ,

ముందు ఆ పాపకి ఒక పెన్సిలో పెన్నో బహుమతిగా ఇవ్వండి. కథలో ఉన్న లొసుగుని ఏ సంపాదకుడూ ఇంత తక్కువ మాటల్లో పట్టుకోలేడు. సోము బడికి ఎందుకు వెళ్ళడం లేదో మీ కథలో ఎక్కడా లేదు. బద్ధకం అని రాశారు గానీ అది పెద్దవాళ్ళం బయట నిలబడి వేసే ముద్ర. లోపల వాడికి ఏమవుతోందో దానివల్ల మనకి తెలియదు.

పిల్లలు ఎక్కడ నవ్వారో, ఎక్కడ పక్కచూపులు చూశారో మీరే చెప్పారు కదా, అక్కడే కాస్త ఆగి చూద్దాం. సోము ఇంట్లో అందరికన్నా ముందు లేస్తాడు. చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయ తెచ్చుకుంటాడు. (దానివల్ల జ్వరం రాదు, అయినా ఆ నమ్మకం మాత్రం తరాలు దాటి వస్తూనే ఉంది.) అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి “ఏం లేదు, లే” అంటే వెంటనే రెండో ఉపాయం. సంచి గడ్డివాములోకి లోతుగా దోపాలి, లేకపోతే వానకి పుస్తకాలు తడిసి ఇంట్లో దొరికిపోతాడు. తెలిసినవాళ్ళ కంట పడకుండా చుట్టుదారిన వెళ్ళాలి. మధ్యాహ్నం ఆకలి ఓర్చుకోవాలి. చేతికి వాచీ లేకుండానే సరిగ్గా బడి వదిలే వేళకి ఇంటి గుమ్మంలో ఉండాలి. సాయంత్రం అమ్మ “ఇవాళేం చెప్పారురా?” అంటే ఒక పాఠం కల్పించాలి.

ఇవన్నీ బద్ధకస్తుడు చేసే పనులా? నిజంగా బద్ధకం ఉన్నవాడైతే తిన్నగా బడికే వెళ్తాడు. వెనక బెంచీలో గోడకి చేరగిలబడి, మధ్యాహ్నం భోజనం తిని, ఇంకో కునుకు తీసి, గంట కొట్టగానే ఇంటికొస్తాడు. అంతకన్నా సులువైన దారి ఇంకోటి లేదు. మీ సోము కష్టజీవి. మీరు వెతుకుతున్న పట్టుదల మీ కథలో మొదటి పేజీ నిండా ఉంది. దాన్ని చూడకుండా ఆఖరి పేజీలో చీమల చేత తెప్పించారు. పిల్లలు అది పసిగట్టారు. ఉల్లిపాయ దాకా వాళ్ళు సోముతో ఉన్నారు, చీమల దగ్గర టీచరు గొంతు వినపడింది.

కాబట్టి కథలో బద్ధకం ఒకవైపు, పట్టుదల ఒకవైపు పెట్టి కుస్తీ పట్టించకండి. ఉన్నది ఒకే పట్టుదల. అది ఒకచోటు నుంచి పారిపోవడానికి పనిచేస్తోంది. ఏ చోటు నుంచో తేలితే కథ దానంతట అదే కదులుతుంది.

పూర్వం వీధిబడుల్లో ఈ ప్రశ్న వచ్చేది కాదు. బడిదొంగని నలుగురు పెద్ద పిల్లలు కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకొచ్చేవారు. వచ్చాక కోదండం. దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడాలి, పట్టు సడలితే బెత్తం. అది కాకపోతే గోడకుర్చీ, తొడపాశం. ఆ రోజుల్లో పారిపోయినవాణ్ణి తెలివైనవాడనే అనాలి. ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించారు. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ బెత్తం పోయినంత మాత్రాన పిల్లవాడికి బడిలో భయపడాల్సినది ఏమీ మిగల్లేదని కాదు, అది మరింత కనపడకుండా పోయింది. కథ రాసేవాళ్ళకి అదే పని.

కారణాలకేం, బోలెడు ఉంటాయి. పత్తి తీసే రోజుల్లోనో మిరప కోతల్లోనో అమ్మానాన్నా పనికి వెళ్తే చిన్న చెల్లిని ఎత్తుకోవడానికి ఇంట్లో ఉండిపోయే పిల్లలున్నారు. ప్రైవేటు బడుల్లో ఫీజు కట్టలేదని అందరి ముందూ నిలబెట్టిన మర్నాడు కడుపునొప్పి వచ్చే పిల్లలున్నారు. నీళ్ళు రాని మరుగుదొడ్డికి భయపడి పొద్దుటినుంచీ మంచినీళ్ళు తాగని ఆడపిల్లలున్నారు. వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో కథ. అన్నీ కలిపి సోము నెత్తిన రుద్దకండి. ఒక్కటి చాలు. అది మీకు బాగా తెలిసినదై ఉండాలి.

మీరు తెలుగు టీచరు కాబట్టి మీ పీరియడ్‌లోనే వెతుకుదాం.

మీరు ఆదర్శ పఠనం, అంటే ముందుగా పాఠం మీరే పైకి చదివి వినిపించడం, పూర్తిచేశాక పిల్లల చేత పాఠం పైకి చదివిస్తారు కదా. మొదటి బెంచీ నుంచి వరసగా ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదవాలి. సోముకి చదవడం రాదు. అక్షరాలు వచ్చు. కానీ మ, య పక్కపక్కన వస్తే తికమకపడతాడు. ఒత్తు కనిపిస్తే ఆగిపోతాడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఎలా దాచాడు? పాఠం మొదలుకాగానే వాడు తలలు లెక్కపెడతాడు. తన ముందు పదకొండు మంది ఉన్నారు, అంటే తనది పన్నెండో పేరా. మీరు ఆదర్శ పఠనం చేస్తున్నప్పుడు ఆ పన్నెండో పేరా రాగానే ఊపిరి బిగబట్టి వింటాడు. ఒక్కసారి వింటే వచ్చేస్తుంది వాడికి. మిగతా పిల్లలు చదువుతున్నంతసేపూ పెదాలు కదపకుండా లోపల వల్లెవేసుకుంటాడు. వంతు రాగానే లేచి, పుస్తకం మీద వేలు జరుపుతూ, అప్పజెప్పేస్తాడు. మీరు “బాగుంది, కూర్చో” అంటారు.

ఒకరోజు ఐదో పిల్లవాడు రాలేదు. తల లెక్క తప్పలేదు, ఖాళీ చోటు చూసుకుని తనది పదకొండో పేరా అని సరిచేసుకున్నాడు. అదే విని పెట్టుకున్నాడు. చదవడం సగంలో ఉండగా ఆ ఐదో పిల్లవాడు ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. “రా, నువ్వే చదువు” అని మీరు వాడి చేత ఒక పేరా చదివించారు. సోము లేచి నిలబడి, వేలు కదుపుతూ, గట్టిగా, ఇంతకుముందే ఇంకొకరు చదివేసిన పేరా అప్పజెప్పాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. మీరు కోప్పడలేదు కూడా. “ఎక్కడ చూస్తున్నావురా, ధ్యాస ఎక్కడుంది?” అన్నారంతే.

ఆ గదిలో అందరికన్నా ధ్యాసగా ఉన్నవాడు వాడొక్కడే. మర్నాడు ఉల్లిపాయ.

ఇలా రాస్తే ఆ పాప ప్రశ్నకి సమాధానం చెప్పక్కర్లేదు, తనకే తెలుస్తుంది. ఇందులో దుర్మార్గులు లేరని కూడా గమనించండి. టీచరు మంచిదే, పిల్లలు అలవాటుగా నవ్వారు, అమ్మకి పనికి వెళ్ళే తొందర. పిల్లల కథల్లో విలన్ టీచర్లు ఎక్కువైపోయారు, మీరు ఇంకొకరిని చేర్చనక్కర్లేదు. కథ టీచరు వైపు నుంచి కాకుండా సోము పక్కనే కూర్చుని నడవాలి. వాడికి తెలియనిది పాఠకుడికీ తెలియకూడదు.

ఇక మార్పు సంగతి. చీమల్ని తీసేయండి. చీమలు మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికే చాలా పని చేశాయి. చంకకర్రల పిల్లవాణ్ణి తప్పనిసరిగా తీసేయండి. మీ కథలో అతనికి పేరు లేదు, మాట లేదు. ఇంకొకరికి సిగ్గు తెప్పించడానికి మాత్రమే దారిన పోయాడు. అలాంటి పిల్లవాడు ఎవరైనా మీ తరగతిలో కూర్చుని ఈ కథ వింటే ఏమనుకుంటాడు? అతనికి కథలో చోటివ్వాలంటే సోము స్నేహితుడిగా ఇవ్వండి. కలిసి డుమ్మా కొట్టే స్నేహితుడైనా తప్పులేదు.

మరి మార్పు ఎక్కణ్ణుంచి రావాలి? వాడు గట్టు మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో మీరు రాయలేదు. అక్కడ వెతకండి. చెరువు గట్టు పక్కనుంచి రోడ్డు పోతుందనుకుందాం. పల్లెవెలుగు బస్సులు వస్తుంటాయి. తుమ్మచెట్టు దగ్గర కనిపించిన బస్సు మలుపు తిరిగేలోపు బోర్డు మీది పేరు చదవాలని సోము తనతో తనే పందెం వేసుకుంటాడు. గజపతినగరం పొడుగే కానీ ఒత్తుల్లేవు, రెండో రోజుకే పట్టుబడింది. చీపురుపల్లి చివర్లో తడబడతాడు. బొబ్బిలి చూడ్డానికి చిన్నదే, మధ్యలో ఒత్తు ఉంది, బస్సు వెళ్ళిపోతుంది. అక్కడ నవ్వేవాళ్ళు లేరు కాబట్టి మళ్ళీ మళ్ళీ ఓడిపోగలడు. పారిపోవడానికి పనిచేసిన పట్టుదలే ఎవరూ చెప్పకుండా దారి మార్చుకుంది. వాడికా సంగతి తెలియదు. మీరు కూడా వాడికి చెప్పకండి, పాఠకుడికి చెప్పకండి. బస్సులు వస్తూ పోతూ ఉంటే చాలు.

పిల్లల కథలో నీతి ఉండకూడదా అని అడిగారు. నిక్షేపంగా ఉండొచ్చు. పంచతంత్రం ఎలా మొదలవుతుందో గుర్తుచేసుకోండి. మహిళారోప్యం రాజు అమరశక్తికి ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ చదువంటే గిట్టదు. తండ్రి తల పట్టుకుంటే విష్ణుశర్మ అనే ముసలి పండితుడు ఆరు నెలల్లో వీళ్ళకి నీతిశాస్త్రం నేర్పుతానని మాటిచ్చాడు. బడి ఎగ్గొట్టే పిల్లల కథలకి ఆది అదేనంటాను. అయితే విష్ణుశర్మ వాళ్ళకి బద్ధకం వదిలేసి బాగుపడ్డ రాజకుమారుడి కథ చెప్పలేదు. సింహానికీ ఎద్దుకీ స్నేహం కలిసిన కథ, దాన్ని నక్కలు చెడగొట్టిన కథ చెప్పాడు. రాజకుమారులు తమని తాము మరిచిపోయి విన్నారు. నీతి ఉంది, కానీ అది వాళ్ళ మీదికి వేలు చూపించలేదు. మీ కథ మీ క్లాసులో ఒక పిల్లవాడి మీదికి వేలు చూపిస్తోంది. ఆ సంగతి చివర్లో మాట్లాడతాను.

ముగింపులో క్లాసు ఫస్టు వద్దు. మొన్నటిదాకా కూడబలుక్కుని చదివినవాడు సంవత్సరాంతానికి ఫస్టు వస్తే, ఎనిమిదో ర్యాంకు వచ్చిన పిల్లలు కూడా నమ్మరు. ర్యాంకు కోసం కాకపోతే పట్టుదల ఎందుకని మీకు అనిపించొచ్చు. నవ్విన క్లాసులోకి మళ్ళీ అడుగు పెట్టడం, వంతు వచ్చినప్పుడు తలలు లెక్కపెట్టకుండా లేవడం, “నాకు చదవడం రాదు టీచర్” అని పైకి అనడమో, రెండు వాక్యాలు నట్టుతూ చదివి కూర్చోవడమో, పదకొండేళ్ళ పిల్లవాడికి అంతకన్నా కష్టమైన పనేముంది? కథ అక్కడ ఆపేయొచ్చు. టీచరు ఏమందో కూడా అక్కర్లేదు. పేరు కూడా మార్చండి. ‘బద్ధకం వీడిన బాలుడు’ అని పైన రాయగానే కింద ఏం జరుగుతుందో పిల్లలందరికీ తెలిసిపోయింది.

ఇప్పుడు ఆ కుర్రాడి సంగతి. మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాశారు గానీ నాకు కథ కన్నా అదే ముఖ్యంగా అనిపించింది.

ముందుగా ఈ కథ వాడున్నప్పుడు మళ్ళీ చదవకండి. సోము ఎవరో మిగతా పిల్లలకి ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఆ తర్వాత హాజరు పట్టీ తీసి చూడండి. మూడు రోజులు వస్తాడన్నారు, ఏ మూడు రోజులు? సంతరోజు రాడా, సోమవారం రాడా, లెక్కల పరీక్షన్నాడు రాడా? ఇంట్లో తెలిసే ఆగిపోతున్నాడా, తెలియకుండా ఇంకెక్కడో తిరుగుతున్నాడా? రెండూ ఒకటి కాదు. అమ్మానాన్నలకి తెలియకుండా తిరిగేవాడికి బయట ఏదో ఆకర్షణ ఉండొచ్చు, లేదా పని ఉండొచ్చు. ఇంట్లోనే ముడుచుకుని కూర్చునేవాడికి ఎక్కువగా లోపల ఏదో బెంగ ఉంటుంది. కడుపునొప్పి, తలనొప్పి అంటుంటే ముందు డాక్టరుకి చూపించమనండి. డాక్టరు ఏమీ లేదన్నా అబద్ధమనుకోకండి. బెంగకి కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. ఆదివారం రాని నొప్పి సోమవారం వచ్చిందంటే దొంగవేషం అని మనవాళ్ళు తేల్చేస్తారు. నాకైతే అందులో సోమవారం గురించి ఒక సమాచారం కనిపిస్తుంది.

కళ్ళు కూడా చూపించాలి. బోర్డు కనిపించక వెనకబడిపోయి, ఆ మాట ఎలా చెప్పాలో తెలియని పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం మీ బడికి వచ్చినప్పుడు వాడు తప్పనిసరిగా ఉండేలా చూడండి. ఆ రోజు కూడా రాలేదంటే పరీక్ష తప్పిపోతుంది. అన్ని సబ్జెక్టుల్లో చురుగ్గా జవాబు చెప్తూ చదవడం, రాయడం దగ్గరే ఇబ్బంది పడుతుంటే అది డిస్లెక్సియా కావచ్చు. తేల్చాల్సింది నిపుణులే గానీ అనుమానించగలిగేది మీరే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలని గుర్తించింది, కాబట్టి పరీక్షల్లో వెసులుబాట్లకి దారి ఉంది.

బాగా వెనకబడ్డ పిల్లవాణ్ణి ఉన్న తరగతిలోనే ఎలా నిలబెట్టాలో మన దగ్గర అనుభవం ఉంది. శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనుల్లో ఉన్న పిల్లల్ని బడి బాట పట్టించింది, ఆమెకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఎన్నడూ బడి మొహం చూడని పెద్ద పిల్లల్ని వాళ్ళు తిన్నగా ఒకటో తరగతిలో కూర్చోబెట్టలేదు. శిబిరాల్లో కొన్ని నెలలు చదువు చెప్పి వయసుకి తగ్గ తరగతిలో చేర్చేవారు. పన్నెండేళ్ళవాణ్ణి ఆరేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెడితే రెండో రోజు వస్తాడా? విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్‌లో కూడా ఇదే ఆలోచన ఉంది. మీ కుర్రాడికి శిబిరం అక్కర్లేకపోవచ్చు. మధ్యాహ్నం భోజనమయ్యాక పది నిమిషాలు, మీరూ వాడూ మాత్రమే, రెండో తరగతి వాచకమైనా పర్వాలేదు. అది ఏ తరగతిదో కనపడకుండా అట్ట వెయ్యండి. క్లాసులో పైకి చదివే వంతు కొన్నాళ్ళు వాడికి ఇవ్వకండి, ఇవ్వడం లేదని వాడికి ముందే చెవిలో చెప్పండి. లేకపోతే రోజూ తలలు లెక్కపెడుతూనే ఉంటాడు.

వాళ్ళమ్మకి చెప్పాల్సింది ఒకటుంది. ఎన్ని రోజులు ఆగిపోతే తిరిగి రావడం అంత కష్టమవుతుంది. కాబట్టి “పోనీలే, ఈ వారం ఉండనీ” అనొద్దు. ఒంట్లో బాగోలేక ఆగిపోయిన రోజున టీవీ, ఫోను ఉండకూడదు. కొట్టడం అసలు వద్దు. దారిలో ఇల్లున్న పిల్లవాణ్ణి ఎవరినైనా పొద్దున్నే పిలుచుకురమ్మని మీరు పంపండి, మోసుకురమ్మని కాదు.

మీరు చెయ్యాల్సింది ఇంకోటి, చిన్నదే. నాలుగు రోజుల తర్వాత వాడు గుమ్మంలో కనిపించినప్పుడు “ఏం దొరగారూ, దారి తప్పి వచ్చారా?” అనే మాట మనలో చాలామందికి నోటి చివరే ఉంటుంది. చమత్కారంగా అంటాం, క్లాసు నవ్వుతుంది. ఆ గుమ్మం దాకా రావడానికి వాడు ఇంటి దగ్గర్నుంచి ఎన్నిసార్లు ఆగి ఉంటాడో మనకి తెలియదు. “వచ్చావా, కూర్చో, నలభై రెండో పేజీ” అంటే సరిపోతుంది. ఎందుకు రాలేదో తర్వాత, పక్కన ఎవరూ లేనప్పుడు అడగొచ్చు. మొదటిసారి నిజం చెప్పడు. రెండోసారీ చెప్పకపోవచ్చు.

కథ తిరగరాశాక ముందు వేరే తరగతి వాళ్ళకి చదివి వినిపించండి. పక్కచూపులు మొదలైన చోట మార్జిన్‌లో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, అక్కడ మళ్ళీ మీరు మాట్లాడుతున్నారన్నమాట. పోటీ గడువు ఈలోగా దాటిపోతే పోనివ్వండి, వచ్చే ఏడాది ఇంకోటి ఉంటుంది. ఆ కుర్రాడి సంగతి మాత్రం ఈ సోమవారమే మొదలుపెట్టండి.